ప్రజాస్వామ్యానికి తోడ్పడే సంస్థను నడిపేది ఎవరు?

2025 డిసెంబరులో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జరిగిన సమావేశంలో, ప్రజాస్వామ్యానికీ ఎన్నికల నిర్వహణకూ తోడ్పడే అంతర్జాతీయ సంస్థ ‘ఇంటర్నేషనల్ ఐడియా’ సభ్య దేశాల మండలికి 2026 సంవత్సరపు అధ్యక్ష బాధ్యతను భారత ప్రధాన ఎన్నికల కమిషనర్ జ్ఞానేశ్ కుమార్ స్వీకరించారు. పత్రికల్లో ఆ వార్త దేశానికి దక్కిన గౌరవంగా వచ్చింది. గౌరవమే, సందేహం లేదు. కానీ శ్రీకాకుళంలో కూర్చుని ఆ వార్త చదివేవారికి మరో ప్రశ్న కూడా తట్టాలి. ఇతర దేశాలకు ఎన్నికల గురించి, రాజ్యాంగ రచన గురించి సలహాలిచ్చే సంస్థ తన ఇంటిని ఎలా చక్కదిద్దుకుంటోంది? అక్కడ నిర్ణయం ఎవరిది, లెక్క అడిగేది ఎవరు? ఎన్నికైన పాలకవర్గం లేకుండా ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారి పాలనలో గడిపిన ఊరికి ఇది దూరపు ప్రశ్న కాదు.

ఈ సంస్థ పుట్టింది 1995 ఫిబ్రవరిలో. అంతకుముందు ఐదారేళ్లలో ప్రపంచం చాలా మారింది. బెర్లిన్ గోడ కూలింది. 1989లో నమీబియాలో, 1993లో కంబోడియాలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఎన్నికలు జరిగాయి. 1994లో దక్షిణాఫ్రికాలో నల్లజాతి ప్రజలు తొలిసారి అందరితో సమానంగా జాతీయ ఎన్నికల్లో ఓటు వేశారు. పోలింగ్ రోజున పరిశీలకులు వచ్చి, నివేదిక రాసి వెళ్లిపోవడంతో పని పూర్తికాదని ఈ అనుభవాలు చెప్పాయి. ఓటర్ల జాబితా, ఎన్నికల సంఘం స్వతంత్రత, ఓడినవారు ఫలితాన్ని అంగీకరించే వాతావరణం, ఇవన్నీ ఏళ్ల తరబడి చేయాల్సిన పనులు. వాటికి ఒక శాశ్వత సంస్థ ఉండాలని స్వీడన్ పూనుకుంది.

వ్యవస్థాపక దేశాలు పద్నాలుగు: ఆస్ట్రేలియా, బార్బడోస్, బెల్జియం, చిలీ, కోస్టారికా, డెన్మార్క్, ఫిన్లాండ్, భారత్, నెదర్లాండ్స్, నార్వే, పోర్చుగల్, దక్షిణాఫ్రికా, స్పెయిన్, స్వీడన్. ఈ జాబితాను నెమ్మదిగా చదవాలి. అమెరికా లేదు, బ్రిటన్ లేదు, ఫ్రాన్స్ లేదు. చిలీలో సైనిక నియంతృత్వం ముగిసి అప్పటికి ఐదేళ్లే. దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వానికి ఏడాది కూడా నిండలేదు. ప్రజాస్వామ్యాన్ని కొత్తగా గెలుచుకున్నవారూ చాలాకాలంగా కాపాడుకుంటున్నవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. బార్బడోస్‌కు ఎంత స్థానమో భారత్‌కూ అంతే. అగ్రరాజ్యం పంపే పాఠంగా కాక అనుభవం పంచుకునే పనిగా దీన్ని నిలబెట్టింది ఈ కూర్పే అని నా నమ్మకం.

మొదటి పదేళ్ల పాలన తీరు మాత్రం మరోలా ఉండేది. సభ్య దేశాల మండలి ఉన్నా, సంస్థ దిశను చూసుకునే బాధ్యతలో పెద్ద భాగం వ్యక్తిగత హోదాలో ఎన్నికైన ప్రముఖుల బోర్డుది. కామన్‌వెల్త్ మాజీ ప్రధాన కార్యదర్శి, గయానాకు చెందిన శ్రీదత్ రాంఫాల్ ఆ బోర్డుకు తొలి అధ్యక్షుడు. పాత్రికేయుల, పార్లమెంటు సభ్యుల, మానవ హక్కుల కార్యకర్తల అంతర్జాతీయ సంఘాలకు సహ సభ్యత్వం ఉండేది. అంటే ప్రభుత్వాలు మాత్రమే మాట్లాడే గది కాదది.

2006లో నియమావళిని సవరించారు. సవరణ 2008లో అమలులోకి వచ్చింది. ఆ తర్వాత సభ్యత్వం ప్రభుత్వాలకే పరిమితమైంది. బోర్డు సలహా మండలిగా మారింది. నిర్ణయాధికారం సభ్య దేశాల మండలికి చేరింది. సమావేశానికీ సమావేశానికీ మధ్య పని చూసేందుకు కొద్ది దేశాలతో ఒక నిర్వాహక సంఘం ఏర్పడింది.

ఈ మార్పును మంచిదనో చెడ్డదనో ఒక్క మాటలో తేల్చలేం. డబ్బు ఇచ్చేదీ, పార్లమెంటుకు జవాబు చెప్పేదీ ప్రభుత్వాలే. తప్పు జరిగినప్పుడు ఎవరిని అడగాలో స్పష్టంగా ఉండటం చిన్న విషయం కాదు. ఎంత పేరున్నవారైనా, ఎవరికీ జవాబుదారీ కాని పెద్దల చేతిలో సంస్థను వదిలేయడం ప్రజాస్వామ్య పద్ధతి అనిపించుకోదు. అయినా పాత్రికేయుల సంఘాలకు ఆ బల్ల దగ్గర కుర్చీ లేకుండా పోవడం నాకు నష్టంగానే కనిపిస్తుంది. ప్రజాస్వామ్యం దెబ్బతినేది చాలాసార్లు ప్రభుత్వాల చేతుల్లోనే. ఆ మాట గట్టిగా అనగలిగినవారు లోపల ఉండాల్సింది.

ఇప్పటి ఏర్పాటు ఇది. సభ్య దేశాలు 35. ప్రధాన కార్యదర్శిని నియమించేదీ, కార్యక్రమానికీ బడ్జెట్‌కూ ఆమోదం తెలిపేదీ సభ్య దేశాల మండలే. అధ్యక్ష స్థానం ఏటా ఒక దేశం నుంచి మరో దేశానికి మారుతుంది. సలహా మండలిలో పదిహేను మంది వరకు ఉండవచ్చు. మన మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ ఎస్.వై. ఖురేషీ అందులో పనిచేశారు. రోజువారీ బాధ్యత ప్రధాన కార్యదర్శిది. 2019లో ఆ పదవికి వచ్చిన కెవిన్ కాసాస్ జమోరా కోస్టారికా మాజీ ఉపాధ్యక్షుడు. 2003 నుంచి ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో సంస్థకు పరిశీలక హోదా ఉంది.

నియమావళిలో అన్నింటికన్నా బరువైన షరతు సభ్యత్వానికి సంబంధించినది. చేరే దేశం చట్టబద్ధ పాలన పట్ల, మానవ హక్కుల పట్ల, బహుళత్వం పట్ల నిబద్ధతను తన గడ్డపైనే ఆచరణలో చూపాలి. బయట చెప్పేది ఇంట్లో చేయాలి.

ఇక మన ఇంటి సంగతి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది, అంటే ఐడియా పుట్టడానికి రెండేళ్లు కూడా లేని సమయంలో. పురపాలక సంస్థ గడువు ఐదేళ్లనీ, అది ముగిసేలోగా ఎన్నిక జరగాలనీ 243-యు అధికరణం చెబుతోంది. ఈ ఎన్నికలు జరిపించేది ఢిల్లీలోని ఎన్నికల సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. స్టాక్‌హోమ్‌లో అధ్యక్ష స్థానంలో ఉన్నవారికి శ్రీకాకుళం వార్డు ఎన్నికతో సంబంధం లేదు. ఆ రెండింటినీ కలిపి ఒకరిని నిందించడం న్యాయం కాదు.

2021 మార్చి 10న రాష్ట్రంలో నగరపాలక సంస్థలకు పోలింగ్ జరిగింది. విజయనగరం ఓటర్లు తమ కార్పొరేటర్లను ఎన్నుకున్నారు. పక్క జిల్లా కేంద్రమైన శ్రీకాకుళం ఆ జాబితాలో లేదు. 2015 డిసెంబరులో శ్రీకాకుళం నగరపాలక సంస్థ అయింది. చుట్టుపక్కల గ్రామాల విలీనం, దానిపై కోర్టు వ్యాజ్యాలు, వార్డుల విభజన ఒకదాని వెనుక ఒకటి అడ్డుపడ్డాయి. ఏడు రోడ్ల కూడలిలో మురుగు కాలువ పొంగితే అర్జీ పట్టుకుని అధికారి దగ్గరకు వెళ్లవచ్చు. అధికారి మంచివాడైతే పని జరుగుతుంది. వచ్చే ఎన్నికలో ఆయనను దించే హక్కు మాత్రం ఆ అర్జీదారుకు లేదు. కార్పొరేటర్ ఉంటే ఆ హక్కు ఉండేది.

ఐడియా నియమావళిని సవరించిన 2006లోనే, అక్టోబరులో, అహ్మదాబాద్ నగరపాలక సంస్థ వ్యవహారంలో సుప్రీంకోర్టు కిషన్‌సింగ్ తోమర్ కేసులో తీర్పు ఇచ్చింది. ఐదేళ్ల గడువు తప్పనిసరి అనీ, వార్డుల విభజన, ఓటర్ల జాబితా వంటి పనులు సకాలంలో ముగించుకోవాలే తప్ప వాటిని వాయిదాకు కారణంగా చూపరాదనీ ధర్మాసనం స్పష్టం చేసింది. ప్రకృతి విపత్తుల వంటి అసాధారణ పరిస్థితులకే మినహాయింపు ఇచ్చింది. ఎన్నికలకు కావలసిన సహకారం రాష్ట్ర ప్రభుత్వం నుంచి అందకపోతే రాష్ట్ర ఎన్నికల సంఘం హైకోర్టును, అవసరమైతే సుప్రీంకోర్టును ఆశ్రయించవచ్చని కూడా అదే తీర్పులో ఉంది.