బండి వచ్చింది, డిపో పోలేదు

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి ముంగిటికే రేషన్ సరుకు తెచ్చి పంచిన బండ్ల తగవు మళ్లీ రేగింది. రేషన్ డిపోల ముందు వరుసలు చూపిస్తున్నది బండ్లు తెచ్చిన వైసీపీ, కాకినాడ రేవు దాకా దారి మళ్లిన రేషన్ బియ్యం సంగతి ఎత్తుతున్నది వాటిని ఆపేసిన కూటమి. రెండు రూపాయల కిలో బియ్యం రోజుల నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, అది అందరూ ఎరిగిందే. అసలు మలుపు 2021 జనవరి 21. ఆ రోజు విజయవాడలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఆ బండ్లకు జెండా ఊపారు. రాష్ట్రం మొత్తానికి 9,260 వాహనాలు.

అంతకుముందు బియ్యం రెండు అంచెల్లో నడిచేది. పెద్ద గోదాము నుంచి మండల స్థాయిలో సరుకు నిల్వ ఉంచే ఎంఎల్ఎస్ పాయింట్‌కు, అక్కడి నుంచి డిపోకు. ఏ గోదాము సరుకు ఏ డిపోకు వెళ్లాలన్నది గణితంలో రవాణా సమస్య. నిల్వ ఎక్కడ ఎంత, అవసరం ఎక్కడ ఎంత, మధ్య దూరమెంత అని రాసుకుని మొత్తం క్వింటాల్-కిలోమీటర్లు, అంటే బరువును దూరంతో గుణిస్తే వచ్చేది, తగ్గేలా పరిష్కరిస్తారు. ఈ లెక్కలో కొత్త అంచె చేర్చాలంటే పాతదేదైనా మూయాలి, లేదా ఆ అదనపు ఖర్చుకు సరిపడా లాభం ఇంకోచోట తేలాలి.

2021లో ఏదీ మూయలేదు. డిపో ఉంది, డీలరూ ఉన్నాడు. బండి ఆపరేటర్ పొద్దున డిపోలో బస్తాలు ఎక్కించుకుని వీధుల్లో పంచాలి, మిగిలినవి తిరిగి డిపోలోనే దించాలి. అంటే ఎత్తుడు దింపుడు పెరిగాయి, కాటా పెరిగింది, లెక్క తప్పేందుకు మరో చోటు దొరికింది. ఒక్కో బండి ఖరీదు రూ.5.81 లక్షలు, అందులో 60 శాతం సబ్సిడీ. ఆపరేటర్‌కు నెలకు రూ.16,000 అన్నారు, కొద్ది వారాల్లోనే అది రూ.21,000 అయింది. ఎన్ని కిలోమీటర్లు తిరిగితే ఎంత అన్న లెక్క అందులో లేదు. డీలర్లు మొదటి నుంచీ మొత్తుకున్నది ఇదే: సరుకు బాధ్యత తమది, పంపిణీ వేరొకరిది.

కూలికి పోయేవాళ్లకు, మంచం పట్టిన ముసలివాళ్లకు బండి మేలు చేసిందన్నది వైసీపీ వాదన. నిజమే. కార్డుదారు నడక క్వింటాల్-కిలోమీటర్లలోకి రాదు.

ఢిల్లీ ఐఐటీ, ప్రపంచ ఆహార కార్యక్రమం సాయంతో రేషన్ సరుకు రవాణా దారులు తేల్చేందుకు కేంద్రం 2024 డిసెంబర్‌లో తెచ్చిన ‘అన్న చక్ర’ కూడా అంతే, దాని దారుల లెక్క డిపో గుమ్మం దగ్గర ఆగిపోతుంది. 30 రాష్ట్రాల్లో ఏటా రూ.250 కోట్లు మిగులుతాయని కేంద్రం అంచనా.

కూటమి ప్రభుత్వం 2025 జూన్ 1 నుంచి బండ్లు ఆపేసి డిపోలకే తిరిగొచ్చింది. 65 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు మాత్రం ఇంటికే సరుకు. 2021లోనే ఈ జాబితాతో మొదలుపెట్టి ఉంటే ఎన్ని బండ్లు సరిపోయేవో? ఆ లెక్క ఎవరూ బయటపెట్టలేదు.

ఇక వరుసల గొడవ. కార్డు ఏ డిపోలోనైనా చెల్లుతుంది. 2019 ఆగస్టులో అంతర్రాష్ట్ర పోర్టబిలిటీ (ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో సరుకు తీసుకోవడం) ప్రయోగంగా మొదలైంది కూడా తెలుగు రాష్ట్రాల మధ్య, గుజరాత్-మహారాష్ట్రల మధ్యే. కాబట్టి ఒక డిపోకు నెలకు ఎంత కావాలన్నది స్థిరంగా ఉండదు. ఒకచోట రద్దీ, పక్క వీధిలో బస్తాలు మిగులు. ఏ డిపోలో ఏ పూట ఎన్ని కార్డులు పడుతున్నాయో డిపోల్లో కార్డుదారుల వివరాలు నమోదు చేసే ఈ-పోస్ యంత్రాల్లో ఎక్కుతూనే ఉంది, మాట్లాడే నేతలెవరూ ఆ పట్టిక తెరిచినట్టు లేదు.