సముద్రపు మేత, మిరుగు వాన

మృగశిర కార్తె ప్రవేశించిన రోజున చేపలు తినడం ఉత్తర తెలంగాణలో తరాలుగా వస్తున్న ఆచారం. మిరుగు నాడు వరంగల్, కరీంనగర్ మార్కెట్లలో బొచ్చెలకూ కొర్రమీనులకూ పొద్దున్నే గిరాకీ మొదలవుతుంది. ఆ చేపలు మన చెరువులవే గానీ, ఆ వారంలోనే పత్తి రైతు ఎదురుచూసే తొలకరి మాత్రం సముద్రానిది. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న వరంగల్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పడే వానలో అధికభాగం హిందూ మహాసముద్రంలో ఆవిరైన నీరే. అందువల్ల ఆ సముద్రం వేడెక్కితే ఏమవుతుందన్న ప్రశ్న మత్స్యకారులదే కాదు, మనది కూడా. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థకు చెందిన శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ పరిశోధనలు ఈ ప్రశ్న చుట్టూనే సాగాయి. సముద్రపు వేడినీ, అందులో పెరిగే కంటికి కనిపించని మొక్కలనూ, నేల మీద కురిసే వాననూ ఆయన విడదీయకుండా కలిపి చదివారు.

మనిషి వదిలిన వాయువుల వల్ల భూమి మీద నిలిచిపోతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే తాగేస్తున్నాయి. వాటిలో హిందూ మహాసముద్రానిది ప్రత్యేకమైన ఇబ్బంది: ఉత్తరాన ఆసియా ఖండం అడ్డంగా ఉండటంతో ఆ వేడి అటువైపు వెళ్లే దారి లేదు. 1901 నుంచి 2012 వరకు ఉన్న రికార్డులను పరిశీలించిన రాక్సీ బృందం, పశ్చిమ హిందూ మహాసముద్రపు ఉపరితలం వేసవి నెలల్లో 1.2 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కిందనీ, ఉష్ణమండల సముద్రాల్లో మరే ప్రాంతమూ ఇంత వేగంగా వేడెక్కలేదనీ 2014లో ప్రకటించింది. అదే కాలంలో ఈ మహాసముద్రపు మధ్య, తూర్పు భాగాలు వేడెక్కింది 0.7 డిగ్రీలే. తూర్పు భాగం మొదటి నుంచీ వెచ్చనిది. చల్లగా ఉండవలసిన పడమటి భాగమే ఇప్పుడు దాన్ని అందుకుంటోంది.

పడమటి భాగం చల్లగా ఉండటానికి నైరుతి రుతుపవనాలే కారణం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సోమాలియా, ఒమన్ తీరాల వెంబడి వీచే బలమైన గాలులు పైనీటిని తీరం నుంచి దూరంగా నెడతాయి. ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది, దానితో పాటు నైట్రేట్లు, ఫాస్ఫేట్లు వంటి పోషకాలు వస్తాయి. ఎండ, పోషకాలు ఒకచోట కలిశాక వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే కంటికి కనిపించని మొక్కలు, విపరీతంగా పెరుగుతాయి. ఉపగ్రహం నుంచి చూస్తే ఆ నీరు పచ్చగా కనిపించేటంతగా పెరుగుతాయి. భూగోళం మొత్తం మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఇలాంటి సూక్ష్మజీవులదే. సముద్రంలోని జంతుజాలం దాదాపు అంతా చివరకు ఈ మేత మీదే ఆధారపడి బతుకుతుంది.

ఆ ఆధారం ఎంత దగ్గరిదో తెలుసుకోవాలంటే మన ఊరి అంగడికి వెళ్లినా చాలు. అక్కడ కుప్పలు పోసి అమ్మే ఎండు నెత్తళ్లలో ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి. వేలెడంత చేపకు నోరు కన్ను దాటి వెనక్కి చీలి ఉంటుంది. మొప్ప తెరిచి చూస్తే లోపల సన్నని ముళ్ల వరుస కనిపిస్తుంది. నోరు తెరుచుకుని ఈదుతూ, లోపలికి వచ్చిన నీటిలోంచి ప్లవకాలను ఆ ముళ్లతో వడకట్టుకుని తినడానికే దాని శరీరం అలా తయారైంది. వంజరం వంటి పెద్ద చేపలు ఈ చిన్న చేపలను తిని పెరుగుతాయి. కాబట్టి ప్లవకాలు తగ్గితే ఆ కొరత ముందుగా నెత్తళ్లకు, కవళ్లకు తగులుతుంది, ఆ తరువాతే మిగిలినవాటికి.

ఇక్కడే వేడి పాత్ర మొదలవుతుంది. ఎండాకాలపు మధ్యాహ్నం చెరువులో మెడలోతుకు దిగినవారికి తెలుసు: ఛాతీ దగ్గర నీరు గోరువెచ్చగా, పాదాల దగ్గర చల్లగా ఉంటుంది. వెచ్చని నీరు తేలిక గనుక పైనే నిలుస్తుంది, బరువైన చల్లని నీరు కింద ఉండిపోతుంది. సముద్రంలోనూ ఇదే జరుగుతుంది. పైపొర ఎంత వేడెక్కితే ఆ రెండు పొరలు కలవడం అంత కష్టమవుతుంది, గాలి ఎంత వీచినా అడుగున ఉన్న పోషకాలు పైకి రావడం తగ్గుతుంది. పైన ఎండ ఉంటుంది గానీ, మొక్కకు కావలసిన ఎరువు ఉండదు.

ఈ తర్కం సులువుగానే అర్థమైనా, ఋజువు అంత సులువుగా దొరకలేదు. 2005లో సముద్ర శాస్త్రవేత్త జోక్విమ్ గోయెస్ బృందం సైన్స్ పత్రికలో ఇందుకు విరుద్ధమైన ఫలితాన్ని ప్రచురించింది. 1997 నుంచి అందుబాటులోకి వచ్చిన ఉపగ్రహ చిత్రాల ఆధారంగా, అరేబియా సముద్రపు పడమటి తీరంలో వృక్షప్లవకాల ఉనికిని తెలిపే పత్రహరితం బాగా పెరుగుతోందని వారు చెప్పారు. యురేసియా మీద మంచు తగ్గడంతో నేల ఎక్కువగా వేడెక్కి, రుతుపవన గాలులు బలపడి, అడుగు నీరు మరింతగా పైకి వస్తోందన్నది వారి వివరణ. 2016లో రాక్సీ బృందం మరింత పొడవైన కాలాన్ని తీసుకుంది. ఉపగ్రహాల కొలతలకు భూవ్యవస్థ మోడళ్లను (భూమి వాతావరణాన్నీ సముద్రాన్నీ లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలను) జోడించి ఆరు దశాబ్దాల ధోరణిని చూస్తే, పశ్చిమ హిందూ మహాసముద్రంలో వృక్షప్లవకాలు 20 శాతం వరకు తగ్గాయని తేలింది. గోయెస్ బృందం చూసినది అబద్ధమని నేను అనను. ఏడేళ్ల చూపులో ఎదుగుదలగా కనిపించినది అరవై ఏళ్ల చూపులో ఒక ఎగుడుదిగుడుగా తేలిందని చెప్పడమే న్యాయం. 20 శాతమన్నది గరిష్ఠ అంచనా అనీ, అందులో మోడళ్ల వాటా కూడా ఉందనీ గుర్తుంచుకోవాలి. పత్రికలు దీన్ని తరచుగా సగటు తగ్గుదలగా రాయడం సరికాదు.

మేత పరిమాణమే కాదు, దాని రకం కూడా మారుతోంది. గోయెస్, హెల్గా గోమెస్‌లు తరువాతి పరిశోధనలో, అరేబియా సముద్రంలో చలికాలాన డయాటమ్‌లనే వృక్షప్లవకాల స్థానాన్ని నాక్టిలూకా అనే జీవి ఆక్రమిస్తోందని చూపారు. దాన్ని జెల్లీ చేపల వంటివి తింటాయి గానీ, మనం తినే చేపలకు నేరుగా పనికివచ్చే మేత అది కాదు.

దీనికి తోడు సముద్రంలోనూ వడగాడ్పుల వంటి రోజులు పెరుగుతున్నాయి. 1982–2018 మధ్య పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఇలాంటి సముద్ర వడగాడ్పుల ఘటనలు దశాబ్దానికి 1.5 చొప్పున, ఉత్తర బంగాళాఖాతంలో 0.5 చొప్పున పెరిగాయని రాక్సీ సహరచయితగా ఉన్న 2022 నాటి పత్రం లెక్కగట్టింది. 2020 మే నెలలో వచ్చిన అలాంటి వేడికి తమిళనాడు దగ్గరి మన్నార్ సింధుశాఖలో 85 శాతం పగడాలు తెల్లబారాయి. ఈ రెండు ప్రాంతాలు అలా కాగినప్పుడు మధ్య భారతంలో వాన తగ్గుతుందని కూడా ఆ పత్రం చెప్పింది. బొగ్గు, చమురు వాడకం ఇలాగే సాగితే ఈ శతాబ్దం చివరికి ఉష్ణమండల హిందూ మహాసముద్రంలో ఇలాంటి రోజులు ఏడాదికి 20 నుంచి 220 దాటవచ్చన్నది రాక్సీ బృందపు మరో అంచనా.

ప్లవకాల మేతను అడ్డుకునే ఆ వెచ్చని పైపొరే మన వాన తీరునూ మారుస్తోంది. సముద్రానికీ నేలకూ ఉన్న ఉష్ణోగ్రతా భేదమే రుతుపవనాలను లోపలికి లాగే బలం. సముద్రం వేడెక్కే కొద్దీ ఆ భేదం తగ్గి, మొత్తం వాన బలహీనపడుతుంది. మరోవైపు వెచ్చని అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలి ఎక్కువ తేమను మోసుకొస్తుంది గనుక, కురిసిన నాడు కుంభవృష్టి కురుస్తుంది. 1950–2015 మధ్య మధ్య భారతంలో విస్తృతంగా కురిసే అతిభారీ వర్షాలు మూడింతలయ్యాయని 2017లో రాక్సీ బృందం చూపింది. విత్తనం వేసి వారాల తరబడి మబ్బు కోసం చూడటం, మొలకెత్తాక ఒక్క రాత్రిలో చేను మునగడం రెండూ ఒకే సీజనులో ఎలా జరుగుతాయో ఈ రెండు ఫలితాలను కలిపి చదివితే అర్థమవుతుంది.

2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మామూలుగా ఒక నెలలో పడవలసిన దానికంటే ఎక్కువ నీరది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ప్రజలు ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఈ ఒక్క వానకు అరేబియా సముద్రమే కారణమని చెప్పడానికి పైన చెప్పిన పరిశోధనలు చాలవు. అవి దశాబ్దాల ధోరణికి సంబంధించినవి, అదీ మనకు కొంచెం ఉత్తరంగా ఉన్న ప్రాంతానివి. అయితే అలాంటి వానలకు అనువైన పరిస్థితులు పెరుగుతున్నాయన్న మాటను పక్కన పెట్టడానికి మాత్రం నాకు కారణం కనిపించదు.

సంబంధం ఒకవైపుదే కాదు. రామగుండం, చెల్పూరు విద్యుత్ కేంద్రాల్లో మండే బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవులది. ఆ పొగలోని కార్బన్ డయాక్సైడుతో సహా మనుషులు వదిలే మొత్తంలో దాదాపు నాలుగో వంతు సముద్రంలో కరిగి, నీటి ఆమ్లత్వాన్ని పెంచుతోంది. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ తగ్గే కొద్దీ ఆమ్లత్వం పెరిగినట్టు; పారిశ్రామిక యుగానికి ముందు 8.2 ఉన్న ఆ అంకె ఇప్పుడు 8.1కి తగ్గింది. తేడా చిన్నదే గానీ, ఆమ్లత్వం దాదాపు 30 శాతం పెరిగినట్టు. పగడాలకూ గవ్వజాతులకూ సున్నపు గూడు కట్టుకోవడం దీనివల్ల కష్టమవుతుంది. పాఖాల్ చెరువు పేరుతోనే భూగర్భశాస్త్రజ్ఞులు పిలిచే మన శిలల్లోని సున్నపురాళ్లు వంద కోట్ల ఏళ్లకు పూర్వం లోతులేని సముద్రంలో ఏర్పడినవి. వాటిలో కనిపించే స్ట్రోమటోలైట్లు ఎండతో ఆహారం చేసుకున్న సూక్ష్మజీవుల పొరలు. ఆ వంశానికి చెందిన సయానోబాక్టీరియాలు నేటికీ సముద్రపు మేతలో పెద్ద వాటా అందిస్తున్నాయి.

ఇకపై తేలవలసిన లెక్కలకు కావలసిన కొలతలు మనకు దగ్గరలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో 1999లో ఏర్పడిన జాతీయ సముద్ర సమాచార కేంద్రం, ఉపగ్రహాలు చూపే పత్రహరితాన్నీ నీటి వేడినీ బట్టి చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెబుతుంది. ఆర్గో అనే తేలే పరికరాలు పది రోజులకోసారి రెండు కిలోమీటర్ల లోతు నుంచి పైకి వచ్చి ఉష్ణోగ్రత, ఉప్పదనం పంపుతాయి. వాటిలో కొన్ని పత్రహరితాన్నీ ఆక్సిజన్‌నూ కొలుస్తాయి. ఆ సమాచారం ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ములుగు, భూపాలపల్లి మండలాల వర్షమాపకాల రికార్డును అరేబియా సముద్రపు ఉష్ణోగ్రతల పక్కన పెట్టి, మన జిల్లాల్లో ఏ వేడికి ఏ వాన వస్తోందో చూసే పని కాకతీయ విశ్వవిద్యాలయంలోనో వరంగల్ నిట్‌లోనో ఎవరైనా విద్యార్థి చేపట్టాలని నా కోరిక. మధ్య భారతానికి చేసిన లెక్కను పద్దెనిమిదో అక్షాంశం దాకా దింపడానికి అది మొదటి మెట్టు అవుతుంది.