మిస్సయిన కచేరీ, పెన్‌డ్రైవ్‌లో రికార్డింగ్: అపోహలు - వాస్తవాలు

త్యాగరాజ ఆరాధనల సీజన్ అయిపోగానే నాకు రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. "సార్, ఆ రోజు రాలేకపోయాను, రికార్డింగ్ ఏమైనా ఉందా?" అని కొందరు. "రికార్డింగ్ ఉందండీ, కానీ మృదంగం సరిగ్గా వినపడటం లేదు. కాస్త సరిచేసి ఆల్బమ్‌లా ఇస్తారా?" అని ఇంకొందరు. కచేరీలు రికార్డ్ చేసి, మిక్స్ చేసి ఇవ్వడమే నా వృత్తి. మొదటివాళ్లకు ఏదో ఒక దారి చూపిస్తాను. రెండోవాళ్లకు చెప్పాల్సిన మాటే నోట్లోంచి రాదు.

అపోహ: సౌండ్ మిక్సర్ నుంచి రికార్డింగ్ తీసుకుంటే చాలు, ఆల్బమ్ తీరిగ్గా చేసుకోవచ్చు.

మంచి మంచి కచేరీలు పోతున్నది ఇక్కడే. మిగతా అపోహల వల్ల డబ్బో టైమో దండగ అవుతుంది, దీనివల్ల కచేరీయే చేతికి రాదు.

మైకులన్నీ వచ్చి కలిసే ఆ మిక్సర్ దగ్గర కూర్చున్న ఆపరేటర్ పని హాల్లో ఉన్నవాళ్లకు సరిగ్గా వినిపించడం. రెండు మూడు వందల మంది పట్టే హాల్లో మృదంగం మైకు లేకపోయినా చివరి వరుస దాకా వెళ్తుంది. ఘటం కూడా దాదాపు అంతే. అందుకని ఆయన వాటి ఫేడర్లు (శబ్దం పెంచే, తగ్గించే మీటలు) కిందికి దించుతాడు. గాత్రం అంత దూరం వెళ్లదు, దాన్ని పెంచుతాడు. వేదిక మీద నుంచి నేరుగా వచ్చేదీ స్పీకర్ల నుంచి వచ్చేదీ కలిసి కూర్చున్నవాళ్లకు చక్కగా సరిపోతుంది. పెన్‌డ్రైవ్‌లోకి మాత్రం స్పీకర్లకు పంపినదే వెళ్తుంది. ఇంటికెళ్లి వింటే గాత్రం చెవి పక్కన, తని ఆవర్తనం (మృదంగం, ఘటం విడిగా వాయించే భాగం) పక్క వీధిలో. ఆపరేటర్ తప్పేమీ లేదు, ఆయన తన పని తాను బాగానే చేశాడు.

అమెరికాలో ఉండే ఒకావిడ తన గురువుగారి కచేరీకి సెలవు దొరక్క రాలేకపోయారు. ఆ కచేరీ పెట్టిన సంగీత సభవాళ్లు పంపిన ఫైల్ నాకు పంపించారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. కళ్యాణి రాగం ఆలాపన. గాత్రం ఆగి వయొలిన్ అందుకున్నాక మొదటి కొన్ని సంగతులు (స్వరాల అల్లికలు) లీలగా వినిపిస్తున్నాయి, తర్వాత ఉన్నట్టుండి శబ్దం పైకి లేస్తుంది. ఆపరేటర్ ఆలస్యంగా గమనించి ఫేడర్ పెంచాడన్నమాట. ఆ వేలి కదలిక కూడా రికార్డయిపోయింది. మృదంగం ఎడమ వైపు (తొప్పి) పలికే బరువైన గుమికి నాదం కోసం కింది ఫ్రీక్వెన్సీలు పెంచితే దాంతోపాటు ఫ్యాన్ల హోరు కూడా పెరిగింది. "ఏఐతో విడదీయొచ్చట కదండీ?" అని అడిగారు. అదీ చేసి చూశాను. మన కచేరీలో వయొలిన్ గాత్రాన్ని అదే శ్రుతిలో, అదే సంగతితో నీడలా వెంటాడుతుంది కదా. అందుకని సగం వయొలిన్ గాత్రంతోపాటు వెళ్లిపోయింది, మృదంగం మీద పదునుగా మోగే చాపు దెబ్బ మొద్దుబారింది. "అమ్మా, ఇంతకంటే బాగుచేస్తానని డబ్బులు అడిగేవాళ్లుంటే ఇవ్వకండి" అని చెప్పాను. ఆవిడ ఏడ్చేశారు.

ఇది తప్పించడానికి లక్షలేమీ అక్కర్లేదు. ఇప్పుడు చాలా సభల్లో ఉన్నవి డిజిటల్ మిక్సర్లే. వాటికి పెన్‌డ్రైవ్ గుచ్చితే మామూలుగా వచ్చేది అన్నీ కలిసిపోయిన రెండు ట్రాకులు. అదే మిక్సర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపితే, ఆ సౌకర్యం ఉన్నవాటిలో, ఒక్కో మైకు ఒక్కో ట్రాక్‌గా వస్తుంది. అదీ ఫేడర్‌కు ముందే తీసుకునేలా పెట్టుకుంటే హాల్లో మృదంగాన్ని పూర్తిగా దించేసినా రికార్డింగ్‌లో నిండుగా ఉంటుంది. స్పీకర్లలోకి వదలకపోయినా సరే, ప్రతి వాద్యానికీ ఒక మైకు పెట్టమనండి. ఇంకో రెండు మైకులు జనం వైపు తిప్పి పెట్టండి, హాలు గాలి, చప్పట్లు, ముందు వరుసలో పెద్దాయన "భళా" అనడం, అన్నీ వాటిలోంచే వస్తాయి. ఎనిమిది మైకులు, మూడు గంటల కచేరీ, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ (రికార్డింగ్ ఎంత సూక్ష్మంగా ఉంటుందో చెప్పే కొలతలు): మొత్తం 12 జీబీ పైచిలుకు. హార్డ్ డిస్క్‌లో చోటు లేదనే సాకు నా దగ్గర చెప్పకండి. కళాకారుల అనుమతి మాత్రం ముందే, కాగితం మీద తీసుకోండి. విడుదల రోజున టెన్షన్ ఉండదు.

అపోహ: లైవ్ ఆల్బమ్ అంటే ఆ రాత్రి జరిగింది జరిగినట్టే.

పాకో డి లుసియా, జాన్ మెక్‌లాఫ్లిన్, అల్ డి మియోలా ముగ్గురూ ఎకౌస్టిక్ గిటార్లతో 1980 డిసెంబర్ 5న శాన్‌ఫ్రాన్సిస్కోలోని వార్‌ఫీల్డ్ థియేటర్‌లో వాయించిన కచేరీ 'ఫ్రైడే నైట్ ఇన్ శాన్‌ఫ్రాన్సిస్కో' పేరుతో 1981లో వచ్చింది. అక్కడ లేకపోయామే అని గిటార్ పట్టిన ప్రతివాడూ బాధపడే ఆల్బమ్. అందులో చివరి ట్రాక్ స్టూడియోలో చేసింది! మొదటి ట్రాక్ హెడ్‌ఫోన్స్‌లో వినండి: ఎడమ చెవిలో పాకో, కుడి చెవిలో డి మియోలా. థియేటర్ వెనక వరుసలో కూర్చున్నవాడికి అంత విడివిడిగా వినిపించి ఉండదు. అంటే టికెట్ దొరికినవాడు విననిది మీరు వింటున్నారు, ఆయన విన్నది మీకు దొరకదు. దీన్ని మోసం అనేవాళ్లతో నేను వాదన పెట్టుకోను. మర్నాడు, శనివారం రాత్రి కచేరీ రికార్డింగ్ 2022లో గానీ బయటికి రాలేదు. టేపులు భద్రంగా ఉన్నాయి కాబట్టి నలభై ఏళ్ల తర్వాతైనా వచ్చింది. మన సభల బీరువాల్లో ఏముందో తలుచుకుంటే నాకు దిగులేస్తుంది.

అపోహ: కచేరీ అంటే కరెంటు తగలని ఎకౌస్టిక్ సంగీతం.

కచేరీ అంటే స్వచ్ఛమైన ఎకౌస్టిక్ అని వాదించేవాళ్లకు మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పేరు చెప్తాను. ఆయన చేతిలో ఉన్నది ఎలక్ట్రిక్ మాండలిన్. ఆయనే పైన చెప్పిన మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించారు. స్వరాన్ని ఊపి పలికించే గమకం వేలిలో ఉంటుందండీ, వైరు ఉందా లేదా అన్నది తర్వాత.

అపోహ: ఇవాళ్టి ఫోన్లు స్టూడియోతో సమానం.

కావు. కొన్ని ఫోన్లలో రికార్డింగ్ యాప్ ఆగకుండా ఒకేలా మోగే శబ్దాన్ని అనవసరపు రొదగా లెక్కేసి తగ్గించేస్తుంది. ఆగకుండా ఒకేలా మోగేది మన తంబూరా! ఇక తని మొదలవగానే శబ్దం పెరిగితే తనంతట తానే తగ్గించే ఆటోమేటిక్ లెవెల్ దెబ్బదెబ్బకీ మొత్తాన్ని కిందికి నొక్కుతుంది. జ్ఞాపకానికి తీసుకోండి, తప్పులేదు. ముందు వరుసలో చెయ్యెత్తి మాత్రం తీయకండి.

అపోహ: 192 కిలోహెర్ట్జ్ ఫైల్ కొంటే హాల్లో ఉన్నట్టే.

మనిషి చెవి వినగలిగింది మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా, రికార్డింగ్ రేటు దానికి రెట్టింపు దాటితే చాలు, సీడీ రేటు 44.1 సరిపోతుంది. 24 బిట్ కావాల్సింది మాకు, రికార్డ్ చేసేటప్పుడు. గాయకుడు ఒక్కసారిగా తారస్థాయి పంచమం అందుకుంటే పగిలిపోకుండా లెవెల్ తగ్గించి పెట్టుకోవడానికి. ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కోండి.

ఇక, కచేరీ మిస్సయి రికార్డింగ్ కోసం వెతుకుతున్నవాళ్లకు. సభ కార్యదర్శిని కాదు, సౌండ్ ఆపరేటర్‌ని పట్టుకోండి. ఆయన లాప్‌టాప్‌లో ఛానెళ్లు విడివిడిగా ఉన్నాయేమో అడగండి. చాలామంది రికార్డ్ చేస్తారు, తర్వాతి ప్రోగ్రామ్‌కి చోటు కావాలని చెరిపేస్తారు. దొరికితే వాట్సాప్‌లో ఆడియోగా పంపించుకోకండి, కుదించేయొచ్చు. కుదించని ఒరిజినల్ వేవ్ (WAV) ఫైళ్లే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయించుకోండి. రొద తీసేస్తామని ఎవరైనా అంటే ముందు ఒక కాపీ పక్కన దాచి ఇవ్వండి. ఫోన్ చేసేదేదో ఈ వారంలోనే చేయండి.