తంగేడు పువ్వు కొమ్ము ఎటు వంగింది?

చిన్నోడా, బుజ్జితల్లీ,

"పరిశోధన అంటే ల్యాబ్‌లో చేసేదే కదా అమ్మమ్మా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. నాకు మాత్రం అది మా అమ్మ పక్కన, బతుకమ్మ సిబ్బి ముందర మొదలైంది.

పరకాల దగ్గర మా ఊళ్లో పెత్రమాస నాడు, అంటే ఎంగిలిపూల బతుకమ్మ రోజు, అమ్మ బతుకమ్మ పేరుస్తోంది. అప్పుడు నేను హన్మకొండలో బీఎస్సీ, అందులోనూ బాటనీ. అమ్మకు అక్షరం రాదు. తంగేడు పువ్వును వేళ్ల మధ్య తిప్పుతూ, "గీ పువ్వుకు కొమ్ము ఒక్క దిక్కే వంగుతది, జూసినవా? గిదేమో గటు వంగింది" అంది. పువ్వు మధ్యలో వంకరగా ఉండే పోగును కొమ్ము అనేది. గాలికి వంగి ఉంటుందిలే అని నవ్వాను. నా పుస్తకంలో లేదు మరి! ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గే.

అమ్మ చెప్పిందే నిజం. ఆ కొమ్ము కీలం, అంటే పువ్వు అండాశయం మీంచి సాగే సన్నటి కాడ. ఒకే చెట్టు మీద కొన్ని పూలలో కుడికి, కొన్నింటిలో ఎడమకు వంగుతుంది, అద్దంలో చూసినట్టు. 1981లో రివ్కా డల్బర్గర్ అనే శాస్త్రవేత్త తంగేడు పూల మీద పత్రం రాశారు. అది నా కంటపడింది చాలా ఏళ్ల తర్వాత.

ఎందుకలా అంటే, తంగేడు పువ్వులో తేనె ఉండదు. తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసమే. అదీ ఊరికే దొరకదు, కేసరాల కొసన ఉప్పు డబ్బాకున్నట్టు చిన్న చిల్లులుంటాయి. తుమ్మెద పొట్టి కేసరాలను పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్లంతా వణికిస్తుంది. జుమ్మ్‌మని చప్పుడు, పొడి రాలుతుంది. అదే అదనులో పొడుగు కేసరాల పొడి దాని ఒంటికి ఒక పక్కన అంటుకుంటుంది. కొమ్ము ఎదురు దిక్కున్న పువ్వు మీద వాలిందా, ఆ పొడి నేరుగా కీలం కొసకు తగులుతుంది. పొట్టి కేసరాలు తుమ్మెదకు కూలి, పొడుగువి చెట్టు పని.

అన్నట్టు, 1753లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త తంగేడుకు పెట్టిన శాస్త్రీయ నామంలో 'ఆరిక్యులేటా' అంటే చెవులున్నది అని. ఆకు కాడ మొదట్లో చెవుల్లాంటి రేకలు చూసి పెట్టాడు. ఆయనకు చెవులు కనిపించాయి, అమ్మకు కొమ్ము.

బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు సంగతి ఇంకోసారి. అది తోటకూరకు చుట్టం. ఒకప్పుడు చేను గట్లన్నీ తెల్లగా ఉండేవి. పత్తిలో గడ్డిమందు కొట్టీ కొట్టీ, ఇప్పుడు చౌరస్తాలో కట్ట కొంటున్నాం.

వచ్చేటప్పుడు భూతద్దం తెచ్చుకోండి. ఎంగిలిపూల పొద్దున ఆరింటికే గుట్ట వెనక్కి పోదాం. ఎన్ని కుడి, ఎన్ని ఎడమ, కాగితం మీద గీతలు పెట్టండి. కొమ్మ మీదున్నప్పుడే చూడాలి. కోశాక ఏది పైనో ఏది కిందో తెలియదు. మొదటిసారి నా లెక్క మొత్తం అక్కడే పోయింది. సిబ్బికి కావలసిన పూలు మీ అత్తమ్మ కోస్తుంది, మీరు తుమ్మెద చప్పుడు వినండి.

మీ అమ్మమ్మ,
హన్మకొండ