కత్తెర ఒకరి చేతిలో, గేటు ఇంకొకరి చేతిలో

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు చూసిన రెండు ఘోరాల మీద 2020లో ఒకదాని వెంట ఒకటి సినిమాలు ప్రకటించారు. మొదటిది మిర్యాలగూడది. కులం దాటి పెళ్ళి చేసుకున్నాడని 2018 సెప్టెంబరు 14న ఒక దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. రెండోది 2019 నవంబరు 27 నాటిది. శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, షాద్‌నగర్ దాపున చటాన్‌పల్లి వంతెన కింద దహనం చేశారు. పోలీసులు ఆమెకు దిశ అని పేరు పెట్టారు. ఈ రెండు సినిమాల మీదా బాధిత కుటుంబాలు కోర్టుకు పోవాల్సి వచ్చింది. సెన్సారు బోర్డు ఉండగా కోర్టు దాకా ఎందుకు పోవాలన్నది సూటి ప్రశ్న. దానికి జవాబు బోర్డు పుట్టుకలోనే ఉంది.

బ్రిటిష్ ఇండియాలో సినిమా చట్టం 1918లో వచ్చింది. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో బోర్డులు పెట్టారు. అప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ నిజాం రాజ్యంలోవి. దేశమంతటికీ ఒకే బోర్డు వచ్చింది 1951లో. ఆ మరుసటి ఏడాది వచ్చిన సినిమాటోగ్రాఫ్ చట్టమే ఇప్పటికీ నడుస్తున్నది. అయితే రాజ్యాంగం ఈ పనిని రెండుగా చీల్చింది. సినిమాకు అనుమతి ఇవ్వడం కేంద్ర జాబితాలో 60వ అంశం. థియేటరు నడపడం రాష్ట్ర జాబితాలో 33వ అంశం. అందుకే సర్టిఫికెట్ కేంద్ర బోర్డుది, థియేటర్ లైసెన్సు రాష్ట్రానిది. హైదరాబాదులో ఆ లైసెన్సు పోలీసు కమిషనర్ చూస్తారు, జిల్లాల్లో రెవెన్యూ యంత్రాంగం చూస్తుంది. ఈ చీలిక ఖరీదు తరువాత తెలిసింది.

పెద్దలకు మాత్రమే అన్న 'ఎ', అందరికీ అన్న 'యు' 1949 సవరణతో వచ్చాయి. కథకు అవసరమైతే ముద్దును అనుమతించవచ్చని 1969లో, సెన్సారు తీరును పరిశీలించిన ఖోస్లా కమిటీ చెప్పింది. ముందస్తు సెన్సారు చెల్లుతుందని 1970లో సినిమా దర్శకుడు కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే తీర్పులో ఒక మంచి కొలత కూడా ఇచ్చింది: అత్యాచారం, వ్యభిచారం వంటి విషయం ఉన్నంత మాత్రాన కత్తెర వేయకూడదు, దాన్ని ఎలా చూపించారో చూడాలి. మన బోర్డులు ఈ కొలతను సగమే పాటించాయని నా అభిప్రాయం. శృంగారం దగ్గర పట్టింపు ఎక్కువ, హీరో చేసే హింస దగ్గర చాలా తక్కువ. 1983లో, తల్లిదండ్రుల సలహాతో పిల్లలు చూడదగ్గ 'యు/ఎ' వచ్చింది, బోర్డు పేరులో సెన్సార్ పోయి సర్టిఫికేషన్ చేరింది. జనం నోట మాత్రం అది ఇవాళ్టికీ సెన్సారే.

లోపల పని ఇలా నడుస్తుంది. సినిమా మొత్తం పూర్తయ్యాక నిర్మాత హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి దరఖాస్తు పెడతాడు. నలుగురు సభ్యులు, బోర్డు తరఫున ఒక పరిశీలన అధికారి (ఎగ్జామినింగ్ ఆఫీసర్) కూర్చుని చూస్తారు. సభ్యుల్లో ఇద్దరు మహిళలు ఉండాలన్నది పాత నియమం. ఆడవాళ్ళ మీద లైంగిక హింస కథకు తప్పనిసరైతే కనీసానికి తగ్గించాలి, వివరంగా చూపకూడదని 1991 మార్గదర్శకాలు చెబుతాయి. సభ్యుల నివేదికల మీద కట్స్ లిస్టు తయారవుతుంది: ఈ షాటు తీసెయ్, ఇది సగానికి తగ్గించు, రక్తం రంగు తగ్గించు, ఈ మాట మ్యూట్ చెయ్. అసలు బేరం ఇక్కడే. 'ఎ' తీసుకుంటే కట్లు తక్కువ పడతాయి, కానీ కుటుంబాలు థియేటరుకు రావు, టీవీలో వేయడానికీ కుదరదు. అందుకని నిర్మాత 'యు/ఎ' కోసం పట్టుబడతాడు. నరుకుడు సీన్లో నాలుగు సెకన్లు పోతాయి, నరుకుడు మిగులుతుంది.

బోర్డు తీసేసిన దాన్ని థియేటరులో మళ్ళీ కలిపిన కాలం ఒకటుంది. రీళ్ళ రోజుల్లో చిన్న పట్టణాల మార్నింగ్ షోలకు 'బిట్టు సినిమా' అనే పేరు అలా వచ్చిందే. 35 ఎంఎం ప్రింటు నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు. మూడు నిమిషాల బిట్టు అంటే 270 అడుగుల ముక్క, జేబులో పట్టకపోయినా సంచిలో పడుతుంది. ఆపరేటర్ రీలును ఫ్రేముల మధ్య గీత దగ్గర కోసి, ముక్కను టేపుతోనో, సిమెంటు అనే ఫిలిం జిగురుతోనో అతికిస్తాడు. రీళ్ళ బాక్సు తరువాతి సెంటరుకు వెళ్ళే ముందు పీకేస్తాడు. సరిగ్గా అతకకపోతే ఫిలిం అంచు రంధ్రాలు కలవక బొమ్మ ఎగురుతుంది. ధ్వని పట్టీ బొమ్మకంటే దాదాపు 20 ఫ్రేములు ముందుంటుంది కాబట్టి, అతుకు దగ్గర బొమ్మ మారిన కాసేపటికి గానీ శబ్దం తెగదు. తెలిసినవాళ్ళు చెవితోనే పట్టేవాళ్ళు.

చట్టం లేక కాదు. సర్టిఫికెట్ మీద సినిమా పొడవు మీటర్లలో రాసి ఉండేది, ప్రింటు కొలిస్తే తేడా తేలేది. సర్టిఫికెట్ ఇచ్చాక మార్పు చేస్తే సినిమాటోగ్రాఫ్ చట్టం సెక్షన్ 7 కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండేవి. కానీ ముక్క ప్రింటులో ఉండగానే రీలు స్వాధీనం చేసుకుంటేనే కేసు నిలుస్తుంది. పట్టుకోవాల్సినవాళ్ళు స్థానిక పోలీసులు, లైసెన్సు అధికారులు. బోర్డుకు ప్రతి టాకీసు దగ్గర మనిషి లేడు. ఆ షోలు నడిచిన హాళ్ళకు ఆడవాళ్ళు మిగతా ఆటలకు కూడా వెళ్ళడం మానుకున్నారు. ఆ నష్టం ఏ కేసు డైరీలోనూ లేదు. ప్రింట్లు పోయి, తాళం వేసిన డిజిటల్ ఫైళ్ళు వచ్చాకే బిట్లు ఆగాయి. వాటిని ఆపింది టెక్నాలజీ.

పోస్టర్ల సంగతి ఇంకో తీరు. థియేటరులో వేసే ట్రైలరుకు సర్టిఫికెట్ కావాలి, గోడ మీద పోస్టరుకు అక్కర్లేదు. 1974లో హైదరాబాదులో మొదలైన ప్రగతిశీల మహిళా సంఘం అశ్లీల పోస్టర్లకు నల్లరంగు పూసింది. స్త్రీలను అసభ్యంగా చూపడాన్ని నిషేధించే చట్టం 1986లో గానీ రాలేదు. 2017లో ఆర్టీసీ బస్సు మీది ముద్దు పోస్టరును కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు చించేశారు. ఆ ఏళ్ళలోనే కత్తులు, నెత్తురు ఉన్న పోస్టర్లు ఊరూరా ఉన్నాయి, వాటిని ఎవరూ చించలేదు. మన సమాజం స్పందించే తీరులోని ఈ ఒంటి కన్ను చూపు నన్ను కలవరపెడుతుంది.

ఇక మిర్యాలగూడ సినిమా. సర్టిఫికెట్ నిరాకరించడానికి సెక్షన్ 5బి చెప్పే కారణాల్లో సభ్యత, శాంతిభద్రతలు, పరువు నష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి ప్రేరణ ఉన్నాయి. కుటుంబపు గోప్యత లేదు. పైగా బోర్డు ముందుకు సినిమా పూర్తయ్యాకే వస్తుంది. పోస్టర్, యూట్యూబ్ ట్రైలర్ అంతకు ముందే ఇంటింటికీ చేరతాయి. 2020 ఆగస్టులో నల్లగొండ కోర్టు విడుదలను ఆపింది. నవంబరులో హైకోర్టు ఆ స్టే ఎత్తేసింది, అసలు వ్యక్తుల పేర్లు వాడకూడదంది. డిసెంబరులో సినిమా వచ్చింది. హత్య కేసులో తీర్పు వచ్చింది 2025 మార్చి 10న: ఒకరికి ఉరి, ఆరుగురికి జీవిత ఖైదు. విచారణ ఇంకా సాగుతుండగానే తెర మీద ఒక కథ ఖాయమైపోయింది.

దిశ విషయంలో చట్టం కొంత గట్టిది. అత్యాచార బాధితురాలు చనిపోయినా ఆమె పేరు బయటపెట్టకూడదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పేరు, ఫొటో ఫోన్లలో తిరిగాయి. మిర్యాలగూడ హత్య సీసీ కెమెరా దృశ్యం కూడా అంతే, టీవీల్లో పదే పదే వేశారు. నిజమైన హత్యకు ఏ సర్టిఫికెట్టూ అడగని ఇళ్ళలోనే సినిమా హత్య మీద వాదన జరిగింది. నలుగురు నిందితులు 2019 డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో చనిపోతే పూలు చల్లారు. 2022లో బయటికొచ్చిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక ఆ కాల్పుల కథనం నమ్మదగింది కాదంది. వెంటనే చంపడమే న్యాయమని దశాబ్దాలుగా తెర మీద చూసి చప్పట్లు కొట్టిన అలవాటుకు ఆ పూలతో సంబంధం లేదనడం కష్టం. సినిమానే కారణమని చెప్పడానికీ ఆధారం లేదు.

2023 సవరణతో 'యు/ఎ' మూడు ముక్కలైంది: 7+, 13+, 16+. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ మూడూ తల్లిదండ్రులకు సూచనలే. 'యు/ఎ 16+' సినిమాకు పదేళ్ళ పిల్లవాడితో తండ్రి వస్తే గేటు కీపర్ ఆపలేడు. 'ఎ' సినిమాకు మాత్రం 18 నిండనివాళ్ళను, తల్లిదండ్రులు వెంట ఉన్నా సరే, లోపలికి పంపడం చట్ట విరుద్ధం. ఎక్కడైనా పంపుతుంటే సినిమా పేరు, సర్టిఫికెట్ తరగతి, థియేటర్, తేదీ, ఆట సమయం, టికెట్ నకలు జతచేసి స్థానిక స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఒక ప్రతిని లైసెన్సు అధికారికి పంపి రసీదు తీసుకోవాలి. పిల్లల ఫొటోలు తీసి జతచేయొద్దు. హైదరాబాదులోని బోర్డు కార్యాలయానికి కూడా రాయవచ్చు. అయితే గేటు దగ్గర చర్య తీసుకోవాల్సింది జిల్లా యంత్రాంగమే.