హెచ్‌ఐవీ ఉన్నవారి కంచం వేరు పెట్టాలా?

అపోహ: ఇంట్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉంటే కంచం, గ్లాసు, పక్క, బాత్రూమ్ వేరు చేయాలి.

వాస్తవం: ఏదీ అక్కర్లేదు. పాజిటివ్ రిపోర్టు చేతికొచ్చిన రోజు ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. పసిపిల్లలున్న ఇంట్లో ఆ భయం సహజం కూడా. కానీ దీని సంగతి 1980లలోనే తేలిపోయింది. 1981 జూన్‌లో తొలి కేసులు బయటపడినప్పుడు కారణం ఎవరికీ తెలియదు. 1983లో వైరస్ దొరికింది. ఆ సెప్టెంబరుకే అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, తిండి, నీరు, గాలి, మామూలు స్పర్శ వల్ల ఇది సోకదని ప్రకటించింది. 1986లో న్యూయార్క్‌లో ఎయిడ్స్ రోగులతో ఒకే ఇంట్లో కనీసం మూడు నెలలు ఉన్న 101 మందిని పరీక్షించారు. లైంగిక సంబంధం లేదు గానీ గిన్నెలు, పక్కలు, బాత్రూమ్‌లు కలిసి వాడినవాళ్లు. ఒక్క బిడ్డలోనే వైరస్ కనిపించింది, అదీ తల్లి నుంచి వచ్చినట్టుంది.

సీడీసీ అంత చెప్పినా, 1985లో అమెరికాలోని ఇండియానాలో, హిమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) చికిత్స వల్ల హెచ్‌ఐవీ సోకిన 13 ఏళ్ల రయాన్ వైట్‌ను బడికి రానివ్వలేదు. 1989లో గోవాలో, రక్తదానం చేసి పాజిటివ్‌గా తేలిన డొమినిక్ డిసౌజాను 64 రోజులు ఒంటరిగా నిర్బంధించారు. ఇలాంటివి చూసినవాళ్లు పరీక్షకు ఎందుకొస్తారు? రాకపోతే మందు మొదలవదు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) తగ్గదు, తెలియకుండానే భాగస్వామికి సోకవచ్చు. సీడీ4 (రోగనిరోధక కణాల సంఖ్య) పడిపోయి టీబీ ముదిరాక గానీ ఆసుపత్రికి రారు. కంచం వేరు పెట్టడం వల్ల ఎవరికీ రక్షణ లేదు, ఈ నష్టం మాత్రం మిగులుతుంది.

వేరుగా ఉండాల్సినవి రేజరు, టూత్‌బ్రష్, సూదులు. అవి ఎవరికైనా వేరుగానే ఉండాలి. గిన్నెలకు మామూలు సబ్బు చాలు. నేల మీద రక్తం పడితే గ్లోవ్స్ వేసుకుని, గుడ్డతో కప్పి, ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి పోసి, 10 నిమిషాలాగి తుడవాలి. ఆ ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి. ఒంటికి మాత్రం వాడొద్దు.

మరికొన్ని అపోహలు.

దోమ కుడితే సోకుతుంది: సోకదు. దోమలో ఈ వైరస్ పెరగదు. కుట్టేటప్పుడు దోమ వదిలేది తన లాలాజలాన్ని, అంతకుముందు తాగిన రక్తాన్ని కాదు.

సోకే ప్రమాదం జరిగిన మర్నాడే పరీక్షలో నెగెటివ్ వచ్చింది: దాన్ని నమ్మొద్దు. నాలుగో తరం ల్యాబ్ పరీక్షకు (వైరస్ భాగాన్నీ, దానిపై ఒంట్లో పుట్టే యాంటీబాడీలనూ చూసేది) 45 రోజులు, యాంటీబాడీ ర్యాపిడ్ పరీక్షకు 90 రోజులు ఆగాకే ఖాయం.

హెచ్‌ఐవీ ఉన్నవారికి వాడిన సూది గుచ్చుకుంటే అంతే సంగతులు: కాదు. సోకే అవకాశం వెయ్యికి మూడు. పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 72 గంటలు దాటకుండా పెప్ (వైరస్ సోకకుండా ఆపే మందులు) మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. మొదటి కొన్ని గంటల్లో వేసుకుంటే ఇంకా మేలు.