చెరువంతా చేపలుండవు

తెలంగాణలో చిన్నా పెద్దా కలిపి 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయని సర్కారు లెక్క. నర్సంపేట దగ్గర గణపతిదేవుడి కాలం నాటి పాకాల, ములుగు వైపు రామప్ప, లక్నవరం, మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్, కృష్ణ మీద నాగార్జునసాగర్... ఇన్ని నీళ్ళున్నా, గాలం పట్టుకుని ఆదివారం పూట వెళ్ళే సిటీవాళ్ళలో చాలామంది ఖాళీ సంచితోనే తిరిగొస్తారు. అదే చెరువులో ముదిరాజులో గంగపుత్రులో థర్మాకోల్ తెప్పమీద వెళ్ళి గంటలో వల నింపుకొస్తారు. వాళ్ళకి ఏ వేళకి ఏ మూలకి పోవాలో తెలుసు. చేప తిండి కోసం, గాలి కోసం, దాక్కోవడం కోసం తిరుగుతుంది. ఈ మూడూ ఒకేచోట కుదిరే జాగాలు చెరువులో కొద్దిగానే ఉంటాయి, అవీ పూటపూటకీ మారతాయి.

ముందు గాలి సంగతి. ఇరవై డిగ్రీల వేడిలో లీటరు నీళ్ళు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. ముప్ఫై డిగ్రీలకి వచ్చేసరికి అది ఏడున్నరకి పడిపోతుంది. అంటే ఎండాకాలంలో చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్ళలో మాత్రం తక్కువ ఉంటుంది. పగలంతా నాచూ పాకురూ ఎండ తీసుకుని ఆక్సిజన్ వదులుతాయి. చీకటి పడ్డాక అవి కూడా పీల్చుకోవడమే తప్ప వదలడం ఉండదు. అందుకని తెల్లవారుజామున, కోడి కూసే వేళకి, చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. పచ్చగా పాకురెక్కిన చెరువులో ఆ వేళకి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ కనిపిస్తాయి. అది చూసి ఆకలిగా ఉన్నాయనుకుని ఎర వేస్తారు కొందరు. ఊపిరాడని చేప ఎరని పట్టించుకోదు. పొద్దెక్కి, నీళ్ళమీద కాస్త అలలు లేచాక వేస్తే పని జరుగుతుంది.

కొర్రమీనుకి మాత్రం ఈ టెన్షన్ లేదు. మొప్పలతోపాటు తలలో గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అర ఉంటుంది దానికి. బురదగుంటలోనూ బతికేస్తుంది. అందుకే మిగతా చేపలు వదిలేసిన మురికి మూలల్లో, తుంగ మొదళ్ళలో దాన్ని వెతకాలి.

గాలి వీచే దిక్కు కూడా చూసుకోవాలి. వానాకాలంలో మనకి నైరుతి గాలి కదా, అది పైపొర నీళ్ళని ఈశాన్యపు ఒడ్డు వైపు నెట్టుకుపోతుంది. కంటికి కనపడనంత చిన్న జీవులు ఆ నీళ్ళతోపాటే అక్కడ పోగవుతాయి. వాటికోసం చిన్న పరిగెలు, పరిగెల కోసం వాలుగ, జెల్ల. అలలు కొట్టి మట్టి రేగుతున్న ఆ ఒడ్డు కూర్చోడానికి బాగోదు. ఎదుటి ఒడ్డున చెట్టునీడ, నిలకడ నీళ్ళు ఉంటాయి. జనం అక్కడే కూర్చుంటారు, చేపలు ఇక్కడుంటాయి.

ఏ లోతులో ఏది మేస్తుందో చేప నోరే చెబుతుంది. బజారులో బొచ్చెని చేతిలోకి తీసుకుని చూడండి. కింది దవడ ముందుకొచ్చి, నోరు పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు. పైపొరలో తేలే జీవుల్ని మింగడానికి అనువైన నోరది. మ్రిగాల నోరు కిందికి తిరిగి ఉంటుంది, అడుగున కుళ్ళిన ఆకూ అలమూ తింటుంది. రవ్వ, అదే ఆంధ్రలో శీలావతి, మధ్యలో మేస్తుంది. గాలానికి బెండు ఎంత ఎత్తున కట్టాలో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నా మటుకు చెరువులో అన్నిటికంటే పెద్ద విశేషం శిఖం భూమి. ఎండాకాలంలో నీళ్ళు తగ్గి బయటపడే నేల అది. నాలుగు నెలలు అక్కడ గడ్డి మొలుస్తుంది, గొర్లూ బర్లూ మేస్తాయి, పేడ పడుతుంది. వానలకి నీళ్ళు మళ్ళీ ఎక్కితే ఆ గడ్డి, పేడ, పురుగూ పుట్రా అంతా మునిగి తిండిగా మారుతుంది. మోకాటిలోతు నీళ్ళు, కొత్త మేత, దాక్కోడానికి గడ్డి దుబ్బులు. చేపలు లోతు వదిలేసి ఇటు వచ్చేస్తాయి. నీళ్ళు ఎక్కిన మొదటి వారాల్లో నడిచెరువులో వల వేయడం దండగ.

ఒడ్డున తేటనీళ్ళున్నచోట వంగి చూస్తే కంచమంత గుండ్రటి గుంటలు వరసగా కనిపిస్తాయి. జిలేబీ చేపల గూళ్ళవి. మగది తవ్వుతుంది, ఆడది గుడ్లని నోట్లో పెట్టుకుని పిల్లలయ్యేదాకా మోస్తుంది. ఈ చేప మనది కాదు, 1952లో విదేశాల నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు అదిలేని చెరువు దొరకడం కష్టం. కొంచెం అవతల, నాచు పక్కన, అరచేతి వెడల్పున ఎర్రగా ఏదో కదులుతూ పైకొచ్చి మళ్ళీ మునిగితే అవి కొర్రమీను పిల్లలు. వాటి కిందే కాపలాగా పెద్దది తిరుగుతుంటుంది. పిల్లల దగ్గరికొచ్చిన దేన్నైనా తరుముతుంది కాబట్టి అప్పుడు గాలానికి తేలిగ్గా చిక్కుతుంది. దాన్ని పట్టేస్తే పిల్లలన్నీ జెల్లల పాలే. పట్టకూడదు.

పెద్ద జలాశయాల తీరు వేరు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. ఎనభై అడుగులు ఎక్కి దిగే నీళ్ళ అంచున గడ్డీ తుంగా కుదురుకోలేవు, రాళ్ళే మిగులుతాయి. పైగా వేసవిలో లోతైనచోట పైన వేడినీళ్ళు తేలిక, కింద చల్లనీళ్ళు బరువు. రెండూ కలవకపోతే అడుగున ఆక్సిజన్ అయిపోతుంది, అంత లోతూ చేపకి పనికిరాదు. అందుకే డ్యామ్ ముందర కంటే పైన డిండి లాంటి ఏర్లు వచ్చి కలిసే బ్యాక్‌వాటర్లలో పట్టుబడి బాగుంటుంది. విశాఖ వైపు నుంచి వచ్చిన మత్స్యకారులు స్థిరపడిన వైజాగ్ కాలనీ అలాంటి ఒడ్డునే ఉంది. వీకెండ్లో చేపల వేపుడు కోసం అక్కడ కార్లు బారులు తీరుతున్నాయి.

వాగు మొదటి నీళ్ళు రాగానే చేపలు ఎదురెక్కుతాయి. మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే కట్టు, దుంకేచోట ఊరంతా వలలతో దిగేది అప్పుడే. బొచ్చె, రవ్వ, మ్రిగాల నిలవనీళ్ళలో గుడ్లు పెట్టవు. పారే వరదనీళ్ళు కావాలి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోన్ సూది వేసి ఈ జాతి చేపలతో చెరువులోనే గుడ్లు పెట్టించారు. ఏటా మన చెరువుల్లో వదిలే చేపపిల్లలు ఆ పద్ధతి వల్ల వస్తున్నవే, జులై 10ని దేశమంతా మత్స్య రైతుల దినంగా జరుపుకునేదీ అందుకే.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. బొచ్చె, రవ్వ, మ్రిగాల లాంటి జాతుల్లో గాలితిత్తి నుంచి చెవిదాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, వినికిడి చురుకు. మాటల చప్పుడు చాలావరకు నీటిపైనే ఆగిపోతుంది గానీ, గట్టుమీద చెప్పులతో టకటకా నడిస్తే నేల ద్వారా వెళ్ళిపోతుంది. చాలా చెరువుల్లో చేపల హక్కు ఊరి మత్స్య సహకార సంఘానిది, ముందు వాళ్ళని అడగాలి. తూము తెరిచి ఉన్నప్పుడు దాని దగ్గర నీళ్ళలోకి దిగొద్దు, పైకి కదలిక కనపడకపోయినా కింద లాగేస్తుంది. మత్తడి రాళ్ళమీద పాకురు ఉంటుంది, ఈతొచ్చినవాళ్ళూ అక్కడ జారిపోతారు.